సముద్రం పక్కన ఇల్లు.. గేటు ముందు కాంక్రీటు నాలుగేళ్లకే ఎందుకు పగులుతోంది? అసలు కారణం సిమెంటు కాదు!

మేడ మీద నిలబడితే సముద్రం కనిపించాలి. పొద్దున్నే ఆ గాలి ఒంటికి తగలాలి. విశాఖలో రుషికొండ నుంచి భీమిలి దాకా, ఇటు కాకినాడ, మచిలీపట్నం, బాపట్ల వైపు.. తీరం దగ్గర స్థలం కొనుక్కునే వాళ్లందరిదీ ఇదే కోరిక. అప్పోసప్పో చేసి ఇల్లు కట్టేస్తారు. చివర్లో మిగిలేది గేటు నుంచి కారు పార్కింగ్ దాకా వేసే కాంక్రీటు. ఇంగ్లిష్‌లో డ్రైవ్‌వే అంటారు. అప్పటికి చేతిలో డబ్బూ అయిపోతుంది, ఓపికా అయిపోతుంది. "ఏముంది సార్, ఒక్క రోజు పని" అంటాడు మేస్త్రి. సరే కానివ్వమంటారు.

కొన్నిచోట్ల నాలుగేళ్లు తిరక్కుండానే సన్నటి గీత కనిపిస్తుంది. ఆ గీత పక్కన గోధుమ రంగు మరక. తర్వాతి వానాకాలానికి అక్కడ పెచ్చు లేస్తుంది. లోపల ఎర్రగా తుప్పు పట్టిన చువ్వ బయటపడుతుంది. సిమెంటు నాసిరకమని కొందరు, మేస్త్రి మోసం చేశాడని కొందరు తిట్టుకుంటారు. చాలాసార్లు అసలు కారణం వేరే. గట్టిగా ఉండాలని డబ్బు పెట్టి వేయించిన ఇనుమే ఆ కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతోంది.

ఉప్పు గాలి ఏం చేస్తుంది?

లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరలను గాలి లోపలికి మోసుకొస్తుంది. తీరం నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలో ఈ దాడి చాలా ఎక్కువ. లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. గేటు బోల్టులు, ఏసీ బయటి బాక్సు, కిటికీ గ్రిల్స్ ఏడాదిలోనే తుప్పు పడుతున్నాయంటే మీ ఇల్లు ఆ పరిధిలో ఉన్నట్టే లెక్క.

మామూలుగా కాంక్రీటు లోపల ఇనుము భద్రంగానే ఉంటుంది. సిమెంటుకు క్షార గుణం ఎక్కువ. దాని పీహెచ్ విలువ 12 కంటే పైనే. ఆ వాతావరణంలో చువ్వ చుట్టూ కంటికి కనిపించని పొర ఒకటి ఏర్పడి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు నీటితో కలిసి కాంక్రీటు రంధ్రాల్లోంచి మెల్లగా లోపలికి దిగి, చువ్వను చేరగానే ఆ పొరను ఛేదిస్తుంది. అక్కడి నుంచి తుప్పు మొదలు. తుప్పు ఊరికే ఉండదు. అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపలి నుంచి తోస్తుంది. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది కానీ సాగదీస్తే అందులో పదో వంతు బలం కూడా చూపించలేదు. అందుకే పగులుతుంది.

సముద్రపు నీటిలోని సల్ఫేట్లు కాంక్రీటును కూడా కొంత దెబ్బతీస్తాయి. అయితే అలలు నేరుగా తగలని ఇళ్ల దగ్గర అసలు గొడవంతా ఇనుముతోనే. దీనికి పెద్ద సాక్ష్యం ఇటలీ తీరంలో ఉంది. రోమన్లు దాదాపు 2 వేల ఏళ్ల కిందట అగ్నిపర్వతపు బూడిద, సున్నం కలిపి కట్టిన రేవు గోడలు కొన్ని ఇప్పటికీ సముద్రంలోనే నిలిచి ఉన్నాయి. వాటిలో చువ్వలు లేవు!

మరి ఇనుము వేయాలా, వద్దా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంటి శ్లాబ్ గాల్లో ఉంటుంది, పిల్లర్ల మీద నిలబడుతుంది. దానికి చువ్వలు లేకపోతే కుదరదు. నేల మీద పరిచే కాంక్రీటు అలా కాదు. కారు బరువు కాంక్రీటు ద్వారా నేరుగా కింద ఉన్న నేలకు దిగిపోతుంది. కింద నేల గట్టిగా ఉండి, కాంక్రీటు తగినంత మందంగా ఉండి, సరైన చోట జాయింట్లు ఉంటే మామూలు కార్లు తిరిగే డ్రైవ్‌వేకు ఇనుము అసలు లేకపోయినా నడుస్తుంది. తీరం దగ్గర అదే మేలు కూడా. తుప్పు పట్టడానికి లోపల ఏమీ ఉండదు మరి.

ఇనుము వేసే పద్ధతి చూస్తే ఇంకా భయం వేస్తుంది. చాలాచోట్ల చువ్వల జాలీని నేల మీద పరిచేస్తారు. పైన కాంక్రీటు పోస్తూ మధ్యమధ్యలో కొక్కెంతో కాస్త పైకి లాగుతారు. మనిషి కాలు వేయగానే అది మళ్లీ కిందికి పోతుంది. చివరికి జాలీ ఉప్పు తేమ ఉన్న ఇసుకను ఆనుకుని ఉంటుంది. పగుళ్లను ఆపడానికి అది పనికిరాదు. తుప్పు మాత్రం మొదటి ఏడాది నుంచే.

భారత ప్రమాణం ఐఎస్ 456 (2000) తీరప్రాంత వాతావరణానికి గురయ్యే కాంక్రీటును 'తీవ్రమైన' వర్గంలో పెట్టింది. ఇనుము ఉంటే కనీసం ఎం30 గ్రేడు, చువ్వకు అన్ని వైపులా కనీసం 45 మిల్లీమీటర్ల కవరింగ్ ఉండాలంటుంది. నేరుగా కెరటాల తుంపర పడే చోట ఇంకా ఎక్కువ.. ఎం35, 50 మిల్లీమీటర్లు. ఇనుము లేని కాంక్రీటుకైతే ఈ రెండు వర్గాలకూ ఎం20 చాలు. అంటే ఇనుము పెట్టిన మరుక్షణం నాణ్యత రెండు మెట్లు పెంచాలని నిబంధనే చెబుతోంది. గ్రేడు పెంచకుండా ఇనుము మాత్రం పెంచితే ఖర్చు పెట్టి మరీ రోగం తెచ్చుకున్నట్టు.

ఇప్పుడు లెక్క చూడండి. 4 అంగుళాల మందం అంటే 100 మిల్లీమీటర్లు. అందులో రెండు వరసల 8 మిల్లీమీటర్ల చువ్వలు సరిగ్గా మధ్యలో పెట్టినా పైనా కిందా 42 మిల్లీమీటర్లే మిగులుతుంది. 45 రాదు. కాబట్టి ఇనుము వేయాల్సిందే అనుకుంటే మందం 5 అంగుళాలకు తగ్గకూడదు. జాలీ కింద కవర్ బ్లాకులు పెట్టాలి. రాయి ముక్కలు, చెక్క పేళ్లు కాదు. తుప్పు పట్టని ఫైబర్ గ్లాస్ చువ్వలు కూడా మార్కెట్లో దొరుకుతున్నాయి. నేల మీద కాంక్రీటుకు అవి బాగానే సరిపోతాయి.

ఇంటికి నీళ్ల ట్యాంకర్ వస్తుందా? అది కూడా ముందే చెప్పాలి. వేసవిలో తాగునీటి ట్యాంకర్ లోపలికి వచ్చే ఇళ్లలో 4 అంగుళాల కాంక్రీటు ఆగదు, 6 అంగుళాలు వేసుకోవాలి.

కాలువ మీద శ్లాబ్ సంగతి వేరు

మన ఊళ్లలో గేటుకూ రోడ్డుకూ మధ్య మురుగు కాలువ ఉంటుంది. దాని మీద వేసే ర్యాంపు నేల మీద కాంక్రీటు కాదు, చిన్న వంతెన. దానికి ఇనుము తప్పనిసరి. ప్రమాదం కూడా ఇక్కడే ఎక్కువ. ఎందుకంటే పైన ఉప్పు గాలి, కింద ఎప్పుడూ తడి. కింది వైపు ఏం జరుగుతోందో ఎవరూ వంగి చూడరు. ఒకరోజు కారు చక్రమో, స్కూటర్ మీద వెళ్లే మనిషో అందులోకి దిగబడితే గానీ తెలియదు.

ఈ ముక్కకు మాత్రం లెక్క ప్రకారం ఇంజినీర్‌తో డిజైన్ చేయించాలి. ఎం30, కింది వైపు 45 మిల్లీమీటర్ల కవరింగ్. మిగతా డ్రైవ్‌వేతో కలిపి ఒకే ముద్దగా పోయకూడదు. మధ్యలో జాయింట్ ఇచ్చి విడిగా ఉంచాలి. నేల కుంగే తీరు వేరు, కాలువ గోడలు కుంగే తీరు వేరు. కలిపి పోస్తే పగులు వచ్చేది సరిగ్గా ఆ అతుకు దగ్గరే. కాలువ పూడిక తీసే వీలు లేకుండా మూసేస్తే మున్సిపాలిటీ వాళ్లు పగలగొట్టే అవకాశమూ ఉంది. అనుమతి సంగతి ముందే కనుక్కోవడం మంచిది.

ఉప్పు గాలి ద్వారానే రాదు.. నీళ్లతోనూ వస్తుంది!

తీరం దగ్గర బోర్లలో నీళ్లు తోడేకొద్దీ సముద్రపు నీరు లోపలికి జరుగుతుంది. ఇంటి పనికి సాధారణంగా వాడేది ఆ బోరు నీళ్లే. ఇనుము ఉన్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇనుము లేకపోతే 2000 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదు. ఐఎస్ 456 చెప్పే లెక్కలివి. సముద్రపు నీటిలో అది దాదాపు 19 వేల మిల్లీగ్రాములు. అంటే బోరులోకి కొద్దిగా సముద్రపు నీరు కలిసినా చాలు, హద్దు దాటిపోతుంది.

నాలుక మీద వేసుకుంటే ఉప్పగా తగిలిన నీటిని ఇనుము ఉన్న పనికి దూరం పెట్టండి. అనుమానం ఉంటే సీసాలో పట్టి సివిల్ ల్యాబుకు ఇస్తే క్లోరైడు ఎంతో తేలుస్తారు. ఇసుకదీ ఇదే కథ. బీచ్ ఇసుక తవ్వడం తీరప్రాంత నిబంధనల ప్రకారం నిషేధం. అది అటుంచినా ఉప్పు, గవ్వల ముక్కలు, ఒకే సైజు సన్న రేణువులు.. ఏ రకంగానూ కాంక్రీటుకు పనికిరాదు. నది ఇసుకో, రాతి ఇసుకో తెప్పించుకోవాలి.

సిమెంటు విషయానికొస్తే 53 గ్రేడ్ ఓపీసీ అయితేనే గట్టిదని మేస్త్రీలు పట్టుబడతారు. త్వరగా గట్టిపడుతుంది, నిజమే. కానీ ఉప్పును ఆపడంలో స్లాగ్ సిమెంటు, ఫ్లైయాష్ కలిసిన సిమెంటు మెరుగు. వాటిలో రంధ్రాలు సన్నబడి క్లోరైడు నడక నెమ్మదిస్తుంది. రోమన్ల బూడిద చేసిన పనికి ఇది దగ్గరి చుట్టమే. బస్తా మీద పీఎస్‌సీ అంటే స్లాగ్, పీపీసీ అంటే ఎక్కువగా ఫ్లైయాష్. ఒక్క షరతు.. వీటికి ఎక్కువ రోజులు నీళ్లు పెట్టాలి.

ఒక్క బకెట్ ఎక్కువైతే..

50 కిలోల బస్తాకు నీళ్లు 22 లీటర్ల చిల్లర. 0.45 నిష్పత్తి అంటే ఇదే. తడి ఇసుకలో ఉన్న నీళ్లు కూడా ఇందులోకే వస్తాయి. మిల్లర్ దగ్గర కూలీ "గట్టిగా ఉంది, జారట్లేదు" అని ఇంకో 12 లీటర్ల బకెట్ కుమ్మరిస్తే నిష్పత్తి 0.7కు దగ్గరవుతుంది. పని తేలిక అవుతుంది. కానీ ఆ అదనపు నీళ్లు ఆరిపోయాక మిగిలేవి ఖాళీ దారులు. ఉప్పు నడిచేది ఆ దారుల్లోనే. జారుడు కావాలంటే ప్లాస్టిసైజర్ కలపాలి, నీళ్లు కాదు. రెడీమిక్స్ లారీ వచ్చాక డ్రమ్ములోకి పైపు పెట్టనివ్వకూడదు.

10 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, 5 అంగుళాల మందం డ్రైవ్‌వేకు పట్టేది దాదాపు 125 ఘనపుటడుగులు, అంటే మూడున్నర ఘనపు మీటర్లు. సిమెంటు సుమారు 25 బస్తాలు. ఒక రెడీమిక్స్ లారీలో సగానికి కాస్త ఎక్కువ. చేత్తో కలిపే కంటే ఇదే నయం. ఎం20 దాటిన గ్రేడ్లను తట్టల లెక్కన కాకుండా మిక్స్ డిజైన్ ప్రకారమే కలపాలి.

దానికి ముందు కింద నేల. తీరం ఇసుక నేలను తడిపి, దిమ్మిసతోనో ప్లేట్ వైబ్రేటర్‌తోనో బాగా అణచాలి. దాని మీద కనీసం 4 అంగుళాల గ్రావెల్ లేదా కంకర పొర వేసి మళ్లీ అణచాలి. పైన మందపాటి పాలిథిన్ షీట్ పరిస్తే కింది ఉప్పు తేమ పైకి ఎక్కదు. అంచుల దగ్గర ఇసుక కొట్టుకుపోకుండా చిన్న గోడ కట్టాలి. అయితే ఉప్పాడ లాంటి చోట్ల.. సముద్రమే భూమిని కోసుకుంటూ వస్తుంటే ఏ కాంక్రీటూ ఆగదు. అక్కడ రోడ్లే పదేపదే దెబ్బతింటున్నాయి.

పగులు ఎలాగూ వస్తుంది.. ఎక్కడ రావాలో మీరే చెప్పండి

కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. పగలడం దాని స్వభావం. అందుకే 5 అంగుళాల మందానికి ప్రతి 10 అడుగులకు ఒక గాడి కోయాలి. మందంలో నాలుగో వంతు లోతు, అంటే అంగుళంపావు. పై 30 అడుగుల డ్రైవ్‌వేకు రెండు గాళ్లు చాలు, మూడు చదరపు ముక్కలు అవుతాయి. పోసిన రోజే లేదా మర్నాడు పొద్దున్నే కట్టర్‌తో కోయించాలి. "రేపెల్లుండి చూద్దాం" అంటే ఈలోపు అది తనకు నచ్చిన చోట పగిలి ఉంటుంది. ఇంటి గోడ, పిల్లర్లు తగిలే చోట మెత్తని ఫోమ్ షీట్ పెట్టి విడదీయాలి.

వాలు అడుగుకు పావు అంగుళం. 30 అడుగులకు ఏడున్నర అంగుళాలు. చూడ్డానికి ఎక్కువే అనిపిస్తుంది కానీ నీళ్లు నిలిస్తే ఉప్పు అక్కడే దాచుకున్నట్టు. పైభాగం నున్నగా రావాలని పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దడం మానిపించండి. ఆ పొర పెచ్చులుగా లేస్తుంది, వానలో జారుతుంది కూడా. పైకి తేలిన నీరు ఆరాక చీపురు గీతలు గీయడమే సరైన పద్ధతి.

సముద్రం దగ్గర మధ్యాహ్నం గాలికి తడి కాంక్రీటు పైభాగం గంటల్లో ఎండి సన్నని గీతలు పడతాయి. తెల్లవారుజామునే పోయడం మొదలుపెట్టాలి. అక్టోబరు, నవంబరుల్లో అయితే అల్పపీడనం హెచ్చరిక ఉందేమో చూసుకుని రెడీమిక్స్ బుక్ చేయాలి.

తర్వాత నీళ్లు పెట్టడం. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండల్లో 10 రోజులు. స్లాగ్, ఫ్లైయాష్ రకాలకు 14 రోజులైతే మంచిది. అందరూ చేసే తప్పు ఒకటుంది.. కలిపేటప్పుడు మంచినీళ్ల ట్యాంకర్ తెప్పించి, తడపడానికి మాత్రం బోరు పైపు పెడతారు. ఆ నీరు ఆవిరవుతుంది, ఉప్పు కాంక్రీటులోనే ఉండిపోతుంది. 14 రోజులు ఉప్పు తాగించినట్టు! మళ్లు కట్టి అంగుళం నీళ్లు నిలపాలంటే 300 చదరపు అడుగులకు 700 లీటర్లు కావాలి. అంత నీళ్లు లేకపోతే తడి గోనె సంచులు పరిచి పైన పాలిథిన్ కప్పితే చాలా తక్కువతో సరిపోతుంది. కారు ఎక్కించడానికి కనీసం వారం, ట్యాంకర్‌కు 28 రోజులు ఆగాలి.

ఇంత తలనొప్పి ఎందుకు అనుకునేవాళ్లకు పేవర్ బ్లాకులు ఉన్నాయి. కార్లకు 60 మిల్లీమీటర్లవి, ట్యాంకర్ వచ్చే చోట 80వి. ఇనుము ఉండదు, కుంగితే ఊడదీసి మళ్లీ పేర్చుకోవచ్చు.

వేశాక ఏం చూసుకోవాలి?

వానలు లేని నెలల్లో అప్పుడప్పుడూ మంచినీళ్లతో కడిగేయాలి. తుపాను తర్వాత తప్పనిసరిగా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకినప్పుడు ఉప్పు గాలికి చెట్ల ఆకులు మాడిపోయాయి. ఆ ఉప్పే నేల మీదా పడుతుంది. 28 రోజుల తర్వాత సైలేన్ రకం సీలర్ పూయిస్తే నీరు లోపలికి దిగడం బాగా తగ్గుతుంది. మూడు నుంచి ఐదేళ్లకోసారి మళ్లీ వేయాలి. నీళ్లు చల్లి చూడండి. బొట్లుగా నిలిస్తే సీలర్ పనిచేస్తోంది. పీల్చేసుకుని నల్లబడితే టైమ్ అయిపోయినట్టే. జాయింట్లలో ఇసుక చేరకుండా పాలీయూరిథేన్ సీలెంట్ నింపాలి.

రెండు విషయాలు ఎవరూ పట్టించుకోరు. ఒకటి, సిమెంటు మరకలు పోవడానికి కొట్టే యాసిడ్. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే క్లోరైడే. సముద్రం పని మనమే చేసి పెడుతున్నాం. రెండు, బోరు నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్. దాన్ని ఉప్పుతో శుభ్రం చేసిన ప్రతిసారీ వచ్చే ఉప్పునీరు చాలా ఇళ్లలో పైపు ద్వారా పార్కింగ్‌లోకే పోతుంది. దాన్ని నేరుగా కాలువలోకి మళ్లించండి.

గోధుమ మరక కనిపిస్తే..

సుత్తితో మెల్లగా తట్టి చూడాలి. టంగుమంటే సరే. డొల్ల శబ్దం వస్తే లోపల పొర విడిపోయింది. పైన సిమెంటు పూసి కప్పేస్తే ఆరు నెలల్లో మళ్లీ లేస్తుంది, పైగా పక్కన ఉన్న పాత కాంక్రీటులో తుప్పు మరింత వేగంగా మొదలవుతుంది. చువ్వ వెనక దాకా తవ్వి, తుప్పంతా గీకి, పాలిమర్ మోర్టార్ నింపాలి. నేల మీది ముక్కైతే అంత కష్టం కూడా అక్కర్లేదు. జాయింట్ల మధ్య ఆ ఒక్క చదరం కోసి తీసేసి, ఇనుము లేకుండా కొత్తది పోసుకోవచ్చు. కాలువ మీది శ్లాబ్ కింద చువ్వలు బయటపడితే మాత్రం మరమ్మతు కాదు, కారు వెళ్లనివ్వకుండా ఆపి మార్చేయాల్సిందే.

డ్రైవ్‌వేలో తుప్పు త్వరగా బయటపడిన ఇళ్లలో ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఇంటి పిల్లర్లకు వాడిన నీళ్లు ఏవి? అదే బోరువా? అదే మేస్త్రి, అదే ఇసుకా? అయితే పార్కింగ్‌లో పిల్లర్ల అడుగు భాగాన్ని, మేడ మీద పిట్టగోడను, సముద్రం వైపు బాల్కనీ కింది భాగాన్ని ఒకసారి టార్చి వేసి చూడండి. నిలువుగా, చువ్వ దారిలోనే నడిచే సన్నని పగులు కనిపిస్తే రంగులు వేయించే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవాలి.